ఎనిమిది పైసల పోషకులు

అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని సొంత ఇల్లు గలిగి, ఏటేట పురపాలక సంఘమునకో పంచాయతీకో పన్ను కట్టుచున్న గృహస్థు, తాను ఎన్నడును గ్రంథాలయపు గడప తొక్కకపోయినను, పుస్తకములయెడ ఏమంత మక్కువ లేనివాడైనను, చట్టరీత్యా గ్రంథాలయ పోషకుడే. ఇంటిపన్ను రూపాయి ఒక్కింటికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు దానికి చేరుచున్నది. రశీదులో ఆ పద్దును చాలమంది చదువరు. చదివినవారును ఆ డబ్బు ఎచ్చటికి పోవునో విచారింపరు. అయినను శాఖా గ్రంథాలయమున బల్లమీద నాటి దినపత్రిక పరచియున్నను, బీరువాలోనికి అప్పుడప్పుడైనను కొత్త పుస్తకములు వచ్చి చేరుచున్నను, అందుకు ముఖ్యాధారము ఈ చిల్లర పైసలే. గ్రంథాలయములకు చట్టము కావలెను, ఆదాయము కావలెను అని ప్రజలలోనివారే దశాబ్దుల తరబడి ప్రభుత్వమును ప్రాధేయపడిరనియు, ఆ కోరిక కొరకు కొందరు తమ యౌవనమును, సంపాదనను ధారవోసిరనియు విన్నచో నేటి పాఠకుడు విస్తుపోవును. పన్ను తీసివేయుడని కోరువారే గాని కొత్త పన్నుకు ఎదురేగి స్వాగతము పలుకువారు లోకమున అరుదు గదా!

ఆ అరుదైనవారిలో అగ్రగణ్యులు అయ్యంకి వెంకటరమణయ్యగారు. కోనసీమకు ఉత్తరముగా, గౌతమి ఆవలి ఒడ్డునగల తూర్పు గోదావరి జిల్లా కొంకుదురు గ్రామమున 1890లో జన్మించిన ఈయన, కర్మక్షేత్రముగా వరించినది మాత్రము బెజవాడ. అచ్చట 1911లో వెలసిన రామమోహన ధర్మ పుస్తక భాండాగారమే ఉద్యమమునకు ఊయెల. 1914 ఏప్రిల్ 10వ తేదీన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను అక్కడ జరిగిన మహాసభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. సరిగా అంతకు తొమ్మిది దినముల ముందు, అదే నెల 1వ తేదీన, కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక చెన్నపట్టణమున దినపత్రికగా వెలువడసాగినది. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. పత్రికకు పాఠకులు కావలెను. పల్లెలో పత్రిక కొనగలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. చదువగలవారు అంతకంటె కొంచెము ఎక్కువ. వినగోరువారు మాత్రము ఊరందరు. రచ్చబండ యొద్దనో, ఎవరి వీధి అరుగుమీదనో ఒకడు గట్టిగా చదువగా పదిమంది వినుట యను ఏర్పాటే అనేక గ్రామములలో గ్రంథాలయమునకు తొలిరూపము. మరుసటి సంవత్సరము, అనగా 1915లో, ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను కూడ అయ్యంకివారు ప్రారంభించిరి. గ్రంథాలయములను గూర్చియే ఒక పత్రిక యుండవలెనను ఊహ మన దేశభాషలలో నాటికి ఎంత కొత్తదో వేరుగా చెప్పనక్కరలేదు.

అదే కాలమున బరోడా సంస్థానమునందును గ్రంథాలయములు విస్తారముగా వెలసినవి. కాని అచ్చట సయాజీరావు గాయకవాడు మహారాజు. ఆయన 1910లో అమెరికా నుండి విలియం బోర్డెన్ అను నిపుణుని పిలిపించి, ఖజానానుండి ధనమిచ్చి, ఊరూర గ్రంథాలయములు పెట్టుడని ఆజ్ఞాపింపగా పని జరిగినది. అమెరికాలోనన్ననో, ఉక్కు వ్యాపారమున కోట్లు గడించిన కార్నెగీ అను ధనికుడు వేలకొలది గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. తెలుగుదేశమున ఆ రాజును లేడు, ఆ కోటీశ్వరుడును లేడు. బడిపంతుళ్లు, ప్లీడర్లు, కాస్త భూమిగల రైతులు, చదువు ముగించి ఊరికి మరలివచ్చిన పడుచువాండ్రు ఆ భారమును తలకెత్తుకొనిరి. బరోడా వారి పద్ధతిని చిన్నచూపు చూచుటకు నేను ఈ మాట చెప్పుట లేదు. వారినుండి మనవారు నేర్చుకొనినది కలదు. 1919 నవంబరు 14న అయ్యంకివారు మదరాసులో అఖిల భారత గ్రంథాలయ సభను సమకూర్చినప్పుడు అధ్యక్షపీఠమున కూర్చున్నది బరోడాకు చెందిన కుడాల్కరుగారే. నేడు నవంబరు 14 మొదలుగా జరుపుకొను గ్రంథాలయ వారోత్సవములు నెహ్రూగారి జన్మదినమును బట్టి వచ్చినవని పాఠశాలలలో పిల్లలే కాదు, కొందరు ఉపాధ్యాయులును తలంచుచుందురు. తేదీలు కలిసినవి గాని మూలము ఆ మదరాసు సభ.

ఇంత శ్రమ ఎందులకు పడిరి? అందరికిని ఒకే కారణము లేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితమును చూడుడు. 1907లో బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చిన సందర్భమున వందేమాతర చిహ్నము ధరించినందులకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి బహిష్కృతుడై, మరుసటి ఏడాది ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసిన వ్రాతకుగాను కారాగారమునకు పోయిన ఆయన, తరువాత చిరకాలము గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షుడై, వయోజన విద్యకు అంకితమైనాడు. చదువురానివాడు గ్రంథాలయమునకు పరాయివాడు కాడని, వానికి చదువు నేర్పుటయే గ్రంథాలయపు మొదటి పని యని భావించిన తరమది. రాత్రి పాఠశాలలును గ్రంథాలయమును ఒకే లాంతరు వెలుగున నడచుట వారికి వింత కాదు. వేరొకరికి భాషాభిమానమే ప్రేరణ, మరొకరికి స్వరాజ్యము, ఇంకొకరికి, దాచనేల, ఊరిలో తనకొక గౌరవస్థానము. సత్కార్యమునకు కీర్తికాంక్ష కొంత తోడైనంతమాత్రమున కార్యము చెడదు.

ఆ అరుగుమీద కూర్చుండుటకు అందరికిని సమానముగా చోటు దొరికినదా యను ప్రశ్న కూడ ఉన్నది. తొలి మహాసభకు అధ్యక్షత వహించిన చిలకమర్తివారు 1909లోనే రాజమహేంద్రవరమున అస్పృశ్యులని త్రోసివేయబడినవారి పిల్లలకు పాఠశాల పెట్టినవారు. కావున ఆ ప్రశ్న వారికి తెలియనిది కాదు. తెలియుట వేరు, ఊరూర అమలు జరుగుట వేరు. కోనసీమలోని మామిడికుదురున 1911లో పుట్టిన బోయి భీమన్నగారు తమ ‘పాలేరు’ నాటకమున, ఒకరి యింట చాకిరి చేయు కుర్రవాడు చదువుకొని ఉన్నతోద్యోగి యగుటను చిత్రించిరి. అక్షరము అందినచో మనిషి ఎచ్చటికి చేరగలడో ఆ నాటకము చూచినవారికి వేరుగా ఉపన్యసింపనక్కరలేకపోయెను. గ్రంథాలయోద్యమపు చరిత్రలలో ఇట్టి రచనలకు తావు చిక్కకపోవుట నాకు లోపముగనే తోచును. పుస్తకము కావలెనను ఆకలిని పుట్టించినవారును గ్రంథాలయమునకు పోషకులే.

ఇక కోనసీమ నైసర్గిక స్థితిని కొంత తలపోయవలెను. ధవళేశ్వరము దాటిన గోదావరి గౌతమి, వసిష్ఠలుగ చీలి, వసిష్ఠనుండి వైనతేయ వేరుపడి, నడుమ ఈ సీమను నీటితో చుట్టి ఉంచినవి. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తియై, గన్నవరము అక్విడక్టుమీదుగ కాలువ వైనతేయను దాటి నగరం ప్రాంతమునకు పారిన తరువాత ఇక్కడ వరియు కొబ్బరియు పుష్కలమైనవి గాని, మనిషికి పయనము సుళువు కాలేదు. వంతెనలు వచ్చువరకు రేవు దాటవలెను, పంటుకొరకు కాచుకొనవలెను. కోటిపల్లి రేవున ముక్తేశ్వరము పోవుటకు నిలుచున్నవారికి ఆ నిరీక్షణము నేటికిని తెలిసినదే. పుస్తకములును పత్రికలును ఆ నీటిదారినే రావలసియుండెను. పెద్దచదువులకు రాజమహేంద్రవరము చేరిన కోనసీమ విద్యార్థికి గౌతమీ గ్రంథాలయము మరియొక లోకము. పట్టుమని ఇరువదియేండ్లైనను నిండని నాళము కృష్ణారావుగారు 1898లో ప్రారంభించిన వాసురాయ గ్రంథాలయమును, రత్నకవి గ్రంథాలయమును 1920లో ఏకమై ఆ పేరు దాల్చినవి.

నీరు అడ్డమగుచోటనే నీటిని వాహనముగా చేసికొనవచ్చునని నిరూపించినవారు మాత్రము కృష్ణా డెల్టా వారు. గుంటూరు జిల్లా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు 1935లో ఒక పడవలో పుస్తకములు అమర్చి, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ వెంబడి నడిపించిరి. పడవ ఆగిన చోటనెల్ల గట్టుమీది గ్రామస్థులు వచ్చి పుస్తకములు తీసికొనుటయు, తిరుగు ప్రయాణమున అప్పగించుటయు! తలచుకొనిననే ఉల్లాసము కలుగును. లాకులకును కాలువలకును కొదువ లేని కోనసీమలో ఇట్టి పడవ తిరిగియున్న ఎంత బాగుండెడిదో యని ఈ సీమవానికి ఒకింత అసూయ కలుగుటయు సహజమే. పాతూరివారు పడవతో నిలువక, గ్రంథపాలకులకు శిక్షణ యిప్పించు పనికిని పూనుకొనిరి. పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుట గ్రంథపాలన కాదని, ఏ పాఠకునికి ఏ పుస్తకము కావలెనో ఎరిగి అందించుట ఒక విద్య యని ఆయన గ్రహించియుండిరి.

స్వాతంత్ర్యానంతరము 1948లో మదరాసు రాష్ట్రము గ్రంథాలయ చట్టమును చేసెను. గ్రంథాలయ శాస్త్రమునకు పితామహుడని పేరొందిన రంగనాథన్‌గారి కృషి దానికి పునాది. కోనసీమ నాటికి మదరాసు రాష్ట్రములోనిదే గావున ఆ చట్టము ఇక్కడికిని వర్తించినది. హైదరాబాదు రాష్ట్రము 1955లో తన చట్టమును తెచ్చుకొనెను. రెండు ప్రాంతములును కలిసిన పిదప 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చి, జిల్లాకొక గ్రంథాలయ సంస్థయు, దాని క్రింద శాఖలును, గ్రామ గ్రంథాలయములును, పుస్తక నిక్షిప్త కేంద్రములును ఏర్పడినవి. అర్ధశతాబ్దపు ఆకాంక్ష ఫలించినది. చందాలకొరకు ఇంటింటికి తిరుగవలసిన అగత్యము తప్పినది.

నష్టము కూడ ఆ క్షణముననే మొదలైనదని నా అభిప్రాయము. సంక్రాంతి మరునాడు, కనుమనాడు, అంబాజీపేట చెంత మొసలపల్లి జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థమును చూచినవారికి ఈ సీమవారి సామర్థ్యమును గూర్చి సందేహముండదు. పదునొకండు గ్రామముల రుద్రులు అచ్చట కొలువుదీరుదురు. వెదురుతోను, రంగురంగుల వస్త్రములతోను ప్రభలు కట్టి, భుజములమీద మోసికొని, ఎగువ కౌశికను దాటించు ఆ ఉత్సవమునకు ఏ చట్టమును లేదు, ఏ సెస్సును లేదు. మా ఊరి ప్రభ యనిన చాలును, చందా దానంతట అదియే వచ్చును. అదే ఊరిలో గ్రంథాలయపు పైకప్పు కారుచున్నదని చెప్పిచూడుడు: “గవర్నమెంటోళ్లు చూసుకోరా అండీ?” అని సమాధానము వచ్చును. చెప్పువాడు పిసినారి కాడు; లంకల గన్నవరమున వేళ కాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి సీమవాడు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట తన పని యని ఎరుగును. పుస్తకము పెట్టుట మాత్రము సర్కారు పని యని నమ్మినాడు. చందా పుస్తకముతో వచ్చు మనిషి వీధిలోనికి రాకపోవుటచేత, ‘మా గ్రంథాలయము’ అను మాటయు వీధినుండి తొలగిపోయినది.

అయినను ఉద్యమము పూర్తిగా అడుగంటినదని చెప్పుట అన్యాయము. శాఖా గ్రంథాలయము తలుపు తీయకమునుపే వచ్చి అరుగుమీద కూర్చుండు విశ్రాంత ఉపాధ్యాయుల నెరుగనివారు లేరు. పత్రికలు చదివి ఊరకుండక, చినిగిన పుటలు అంటించుటయు, వేసవి శిబిరములకు వచ్చిన పిల్లలచేత కథలు చదివించుటయు వారే చేయుచుందురు. గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులు మరొక వర్గము. ఇంట చోటు లేక, కోచింగుకు డబ్బు చాలక, ప్రొద్దస్తమానము బల్లకు అతుక్కొని కూర్చుండు వీరికి గ్రంథాలయము విలాసము కాదు. వీరు పుస్తకాభిమానులు కారు, ఉద్యోగాభిలాషులు మాత్రమే యని ఈసడించు సాహిత్యవేత్తలతో నేను ఏకీభవింపజాలను. వందేమాతర కాలపు పడుచువాడును పత్రిక చదువుటకే వచ్చెను. కావ్యమును తరువాత చేపట్టెను. కాలము చేసిన తల్లిదండ్రుల జ్ఞాపకార్థము బీరువాలు, కుర్చీలు ఇచ్చువారును, దూరదేశములనుండి పుస్తకములకు డబ్బు పంపువారును కలరు. ఒక్క చిక్కు కలదు: ఇల్లు ఖాళీ చేయునప్పుడు వదలించుకొనిన పాత గైడ్లను, కాలము చెల్లిన ఇయర్‌బుక్కులను దానమని తెచ్చి పడవేయుటతో గ్రంథపాలకునికి స్థలము కరవగును. దాత ముందుగా పోయి “ఏ పుస్తకములు కావలెనండీ?” అని అడిగినచో ఇరువురికిని మేలు.

పుస్తకములకు ఇచ్చట ప్రకృతియు విరోధియే. 1986 ఆగస్టు వరదలో లంకలు మునిగినవి. 1996 నవంబరు తుపాను కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. ఆ ఉపద్రవములు లేని ఏడును చెమ్మయు చెదలును విడువవు. కట్టడము గట్టిగా లేనిచోట ఎంత మంచి పుస్తకమైనను పది వర్షకాలములు నిలువదు. దీనికి కావలసినది ధనము. ఆ ధనము మొదట పేర్కొనిన సెస్సునుండియే రావలెను. వసూలు చేయునది పంచాయతీయు పురపాలక సంఘమును. ఖర్చు పెట్టవలసినది గ్రంథాలయ సంస్థ. ఈ నడుమ దూరములోనే బకాయిలు పేరుకొనుచుండును. వీధిదీపములకో, కాలువ పూడికకో అవసరము వచ్చినప్పుడు సెస్సు సొమ్ము సర్దుబాటైపోవుటయు, తరువాత జమ చేయుదమను మాట సంవత్సరములు దొర్లుటయు అనేక స్థానిక సంస్థలలో జరుగుచున్నదే. గ్రంథాలయమునందు ప్రీతిగలవారు కొత్త చందా పుస్తకము అచ్చువేయింపకమునుపు ఈ లెక్కను అడుగవలెను: ఈ ఏట సెస్సు ఎంత వసూలైనది, సంస్థకు ఎంత జమ అయినది, పాత బాకీ ఎంత. కొబ్బరి దింపు లెక్కను కాయతో సహా, రొయ్యల చెరువు కౌలును పైసతో సహా అప్పగింపించుకొను కోనసీమ రైతుకు ఇది తెలియని విద్య కాదు. గ్రామసభలో లేచి ఆ మూడు అంకెలు అడుగుటకు వానికి ఎవరి సిఫారసును అక్కరలేదు.