మహాసభకు ఊరెట్లు కుదురును?

గ్రామమున క్రొత్తగా సంత పెట్టదలచినపుడు పెద్దలు మూడు సంగతులు విచారింతురు. బండ్లు నిలుచుటకు చోటున్నదా, పశువులకు నీరున్నదా, నలుదిక్కులనుండి వచ్చువారికి దారి యున్నదా యని. ప్రపంచ రాజ్యముల మహాసభకు నగరము నెంచుటయు నించుమించుగ నిట్టిదియే. అయిన నందు నాలుగవ ప్రశ్న యొకటి కలదు: వ్యయ మెవరు భరింతురు?

సాగరు రోడ్డు మీది చంపాపేట ఒకప్పటి పల్లె. నేడు మహానగరములో కలిసిపోయినది. ఆ నగరమునకు పడమటి దిక్కున, మాదాపురము చెంతనున్న సభాభవనమున, 2012 అక్టోబరు 8 మొదలు 19 వరకు జీవవైవిధ్యపు టొడంబడికకు సంబంధించిన పదునొకండవ మహాసభ జరిగెను. జీవవైవిధ్యమనగా మనకు తెలియనిది కాదు. మన చేలలోని జొన్న, కంది, వరి రకములు, చెరువులోని చేపలు, గట్టుమీది చెట్లు, పూతకు వచ్చు తేనెటీగలు, ఇవన్నియు నదియే. 1992లో రియో నగరమున సంతకములకు పెట్టబడిన యీ యొడంబడిక 1993 డిసెంబరు 29న అమలులోనికి వచ్చినది.

ఈ సభలకు స్థలమెట్లు నిర్ణయింతురో చూడుడు. ఏ దేశమును పిలువనిచో సభ కార్యస్థానమైన మాంట్రియలు నగరముననే జరుగవలెనని నియమము. ఏదేని దేశము తాను పిలిచినయెడల, అంతకు ముందటి సభ దాని నంగీకరింపవలెను. 2010లో జపానుదేశపు నగోయాలో జరిగిన సభ భారతదేశపు ఆహ్వానము నంగీకరించెను. పిమ్మట నేర్పడిన స్థలము హైదరాబాదు. ఇచ్చట 2006లో తెరచిన విశాలమైన సభాభవనమును, 2008లో శంషాబాదున వెలసిన విమానాశ్రయమును, వేలకొలది యతిథులకు చాలిన బసలును గలవు. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాలయమును, దాని విత్తనపు భాండారమును నగరమునకు సమీపముననే యున్నవి.

పిలిచినవారి పూనిక యెల్లప్పుడును నెరవేరదు. చైనాలోని కున్మింగునకు కుదిరిన పదునైదవ సభ, మహమ్మారి కారణమున, 2021లో అచ్చట కొంత జరిగి, 2022 డిసెంబరులో మాంట్రియలున ముగిసెను. పదునారవ సభ నంగీకరించిన టర్కీ, 2023 ఫిబ్రవరి భూకంపముల పిమ్మట విరమించుకొనగా, 2024లో కొలంబియాదేశపు కాలీ నగర మా భారమును వహించెను. కావున మాట యిచ్చుటకు ముందే బలము చూచుకొనవలెను.

ఇక మన ప్రశ్న: సభ వచ్చి పోయిన పిమ్మట రైతునకేమి మిగిలినది? పేద దేశములకు ప్రకృతి రక్షణకై చేరు అంతర్జాతీయ ధనము 2015 నాటికి రెట్టింపు కావలెనని సభ తీర్మానించెను. నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు ఐదుకోట్ల డాలర్ల వాగ్దానము చేసెను. ఇవి గొప్ప సంగతులే. అయినను ఆ సభలో నిర్ణయాధికారము ప్రభుత్వముల ప్రతినిధులది. ఇతరులు చూడవచ్చును, మాటాడవచ్చును, తీర్మానింపరాదు. రైతు సభాస్థలమునకు పది క్రోసుల దూరముననున్నను, పదివేల క్రోసుల దూరముననున్నను భేదమంతగా లేదు.

భేదము కలిగించునది మనము మన యూర చేయు పని. 2002 నాటి జీవవైవిధ్య చట్టము స్థానిక సంస్థలకు జీవవైవిధ్య సంఘముల నేర్పరచుచు, గ్రామమందలి మొక్కలు, విత్తనములు, పశుజాతులు, వానినిగూర్చిన జనుల యెరుక, వీనినెల్ల పట్టికలో వ్రాయుమన్నది. 2001 నాటి చట్టము, ముద్రవేసి వ్యాపారముగ నమ్ముట తప్ప, రైతు తన విత్తనమును దాచుకొను, విత్తుకొను, మార్చుకొను హక్కును కాపాడినది. మీ పంచాయతీలో నా పట్టిక యున్నదా? అందు మీ తాతగారు విత్తిన జొన్నరకమును వ్రాసిరా? వ్రాయించువాడు మీరే కావలెను. పెద్దలు పోయిన పిమ్మట ఆ పేర్లు చెప్పువారుండరు.

సహకార సభ్యులకు మరియొక మాట. 1895లో లండనున పుట్టిన అంతర్జాతీయ సహకార కూటమి సర్వసభ్య సమావేశము మన దేశమునకు మొదటిసారి వచ్చుటకు 2024 నవంబరు వరకు వేచియుండవలసి వచ్చినది. దూరమున నున్నవారు ఎంతకాలము వేచిరో చూడుడు! మన సంఘముల వార్షిక సభలలోను నిట్టిదే జరుగుచుండును. ఎల్లప్పుడు అధ్యక్షుని యూరనే సభ జరిగినచో, దూరపు పల్లెలలోని చిన్నరైతులు, ముఖ్యముగ స్త్రీ సభ్యులు, రాకయే యుందురు. రానివారి మాట లెక్కలో చేరదు. కావున స్థల మెంచునపుడు భవనపు సొగసు కాక, అందరికంటె దూరమున నున్న సభ్యుడు సూర్యాస్తమయములోగా నిల్లు చేరగలడా యని యడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు గల యూరే సభకు తగిన యూరు.