గర్భిణులకు చక్కెర పరీక్ష: ఖర్చు భరించువారెవరు?

"షుగరు" అను మాట వినని గ్రామము నేడు లేదు. అయితే అంతకుముందు ఆ వ్యాధి ఎన్నడును లేని స్త్రీకి సైతము గర్భము ధరించిన పిమ్మట అది రావచ్చునని ఎరిగినవారు తక్కువ. సాధారణముగా పైకి ఏ చిహ్నమును కనిపింపదు. పరీక్ష చేసిననే బయటపడును. తెలియక విడిచినచో బిడ్డ మితిమీరిన బరువు పెరిగి కాన్పు కష్టమగును. పుట్టిన వెంటనే శిశువు రక్తములో చక్కెర పడిపోవచ్చును. గర్భములోనే శిశువు మరణించుటయు కలదు.

ఈ వ్యాధిని కనుగొను పరీక్షకు గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు అని పేరు. ఇది రెండు విధములుగా జరుగుచున్నది. మొదటి పద్ధతిలో స్త్రీ రాత్రి భోజనము తరువాత ఏమియు తినక, ఉదయము పరగడుపున రక్తమిచ్చి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీరు త్రాగి, గంటకొకమారు, రెండు గంటలకొకమారు మరల రక్తమీయవలెను. రెండవది భారత ప్రభుత్వము 2014లో ప్రకటించి 2018లో సవరించిన సులభ పద్ధతి. స్త్రీ తిని వచ్చినను, తినక వచ్చినను అడ్డు లేదు. అదే 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి అయిదు, పది నిమిషములలో త్రాగించి, రెండు గంటలకు ఒక్కమారు రక్తము చూతురు. చక్కెర 140 మిల్లీగ్రాములు లేక అంతకు మించినచో వ్యాధి ఉన్నట్లు లెక్క. త్రాగిన అరగంటలోపల వాంతి అయినచో మరునాడు తిరిగి చేయవలెను. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినపుడొకమారు, 24 నుండి 28 వారముల మధ్య మరొకమారు ఈ పరీక్ష జరుగవలెను. మొదటిమారు బాగున్నదని రెండవదానిని మానుట తగదు.

ఇక ఖర్చు మాట. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలోని ప్రైవేటు పరీక్షాశాలకు వెళ్లినవారు సొంత సొమ్మే చెల్లింపవలెను. మూడు నమూనాలకు కలిపి ఒక ధర చెప్పువారున్నారు. నమూనా నమూనాకు వేరుగా వసూలు చేయువారును ఉన్నారు. గ్లూకోజు పొట్లము వెల దానికి అదనము కావచ్చును. కావున సూది వేయించుకొనుటకు ముందే మొత్తమెంత అగునో అడుగుట మేలు.

"మా ఇంట కార్డు ఉన్నది గదా, అది ఇయ్యదా?" అని పలువురు అడుగుదురు. ఇచ్చటనే పొరపాటు జరుగుచున్నది. పులివెందుల శాసనసభ్యులుగా నుండిన డా. వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము 2007లో ప్రారంభించిన ఆరోగ్యశ్రీ, 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుతో నడచుచున్నది. ఇది ప్రధానముగా ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సలకై ఏర్పడినది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు భరించును. కాని అదియు ఆసుపత్రిలో చేరినవారికే. చేరికకు ముందు 3 దినములు, విడుదలైన తరువాత 15 దినములలో జరుగు పరీక్షలు మాత్రమే దాని లెక్కలోనికి వచ్చును. నడచి వచ్చి రక్తమిచ్చి ఇంటికి పోవు గర్భిణికి అవి వర్తింపవు. ప్రైవేటు బీమా పత్రముల తీరును దాదాపు ఇంతే. కేవలము పరీక్షకొరకు ఆసుపత్రిలో చేరినను సొమ్మియ్యమని వానిలో స్పష్టముగా వ్రాసియుండును.

ఒక్క కార్మిక రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ., భిన్నమైనది. ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములలోగాని, పదిమంది పనివారున్న పట్టణపు దుకాణములలోగాని పనిచేయుచు నెలకు 21,000 రూపాయలకు మించని జీతము పొందువాని భార్యకు, ఆసుపత్రిలో చేరకున్నను పరీక్షలు దొరకును. జీతమునుండి చందా కోతపడుచున్నను ఈ సంగతి తెలియని కుటుంబములు పెక్కు.

మిగిలినవారికి బీమాతో పనియే లేదు. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు పరీక్షలు, మందులు, రక్తము, రవాణా ఉచితము. జాతీయ పట్టిక ప్రకారము ఉపకేంద్రములో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో 63, ప్రొద్దుటూరులోనున్నట్టి జిల్లా ఆసుపత్రిలో 134 రకముల పరీక్షలు ఉచితముగా లభింపవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షాదినము కూడ జరుగుచున్నది.

అయినను ఉచితమన్నది పూర్తిగా ఉచితము కాదు. 2025-26లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. గర్భిణియు, తోడు వచ్చిన అత్తగారో అక్కగారో ఒక దినము పని మానినచో 614 రూపాయలు పోయినట్లే. రెండుమార్లకు 1,228 రూపాయలు. బస్సు ఛార్జీలు వేరు. ఈ నష్టమును ఏ బీమా సంస్థయు తీర్చదు. పరీక్ష ఉచితమని తెలిసియు రానివారు రాకుండుటకు కారణము తరచు ఇదే.

ఈ భాగమును తగ్గించుట పంచాయతీ చేతిలోనున్నది. సులభ పద్ధతికి ప్రయోగశాల అక్కరలేదు. గ్లూకోజు పొట్లము, గ్లూకోమీటరు, దానికి సరిపడు స్ట్రిప్పులు, శిక్షణ పొందిన ఎ.ఎన్.ఎం. ఉన్నచో గ్రామములోనే జరిగిపోవును. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘమునకు పంచాయతీ సభ్యులే అధ్యక్షత వహింపవలెనని నిబంధన. స్ట్రిప్పులు అయిపోయినవా, కాలము తీరినవా అని అడుగు అధికారము అధ్యక్షునకు కలదు. ఆశా కార్యకర్త వద్ద గర్భిణుల పట్టిక ఉండును. అందులో ఎవరెవరికి 24 వారములు నిండినవో చూచి, గ్రామ ఆరోగ్య పోషకాహార దినమున వారిని పిలిపించినచో కూలి దినము మిగులును.

వ్యాధి బయటపడినంతనే భయపడి పట్టణమునకు పరుగెత్తనక్కరలేదు. మొదట రెండు వారములు ఆహార నియమము. రాగి సంగటియైనను కొలతతోనే తినవలెను. ఆకుకూరలు, పప్పు హెచ్చించవలెను. తరువాత మరల రక్తము చూచి, భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 లేక అంతకు మించినచో వైద్యుడు మందు ప్రారంభించును.

కాన్పయిన 6 వారములకు 75 గ్రాముల గ్లూకోజుతో తల్లికి ఇంకొక పరీక్ష కలదు. దీనిని మరచువారే అధికము. అదే 6 వారములకు బిడ్డకు టీకాలు వేయింపవలసియున్నది గనుక, టీకాల దినముననే తల్లి రక్తమును చూచునట్లు ఎ.ఎన్.ఎం.తో ముందుగా చెప్పియుంచినచో రెండు పనులును ఒకే రాకలో తీరును.