మీకు తెలుసా? ఇస్లాంలో పసిబిడ్డకు తొలి హక్కులు

ముస్లిం ఇంట్లో బిడ్డ పుట్టిందనగానే తండ్రో, తాతో ఆ పసికందును చేతుల్లోకి తీసుకుని కుడి చెవి దగ్గర మెల్లగా అజాన్ పలుకుతారు. చాలామంది ఎడమ చెవిలో, నమాజు మొదలయ్యే ముందు పలికే ఇఖామత్ కూడా చెబుతారు. అజాన్ అంటే రోజూ అయిదు పూటలా మసీదు నుంచి ఊరందరికీ వినిపించే పిలుపే. కాకపోతే ఇక్కడ ఒక్క ప్రాణి కోసం, దాదాపు గుసగుసగా వినిపిస్తారు. మనవడు హసన్ పుట్టినప్పుడు ముహమ్మద్ ప్రవక్త (స) స్వయంగా ఆ బిడ్డ చెవిలో అజాన్ పలికారని అబూ రాఫె అనే సహచరుడు చెప్పిన హదీసు ఈ ఆచారానికి ఆధారం. ఆడపిల్లయినా మగపిల్లాడయినా పిలుపు ఒకటే.

*

క్రీ.శ. 622. మక్కా నుంచి మదీనాకు వలస వెళ్తున్నవాళ్లలో అస్మా అనే నిండు గర్భిణి ఉన్నారు. హజ్రత్ అబూబకర్ (ర) కూతురు ఆమె. మదీనా శివార్లలోని ఖుబాలో ప్రసవించి, బిడ్డను తెచ్చి ప్రవక్త (స) ఒడిలో పెట్టారు. ఆయన ఖర్జూరం తెప్పించి, నమిలి మెత్తగా చేసి, ఆ గుజ్జును బిడ్డ అంగిలికి రాసి దీవించారు. దీన్నే తహ్నీక్ అంటారు. వలస వచ్చినవాళ్లకు మదీనాలో పుట్టిన తొలి బిడ్డ అతనే. పేరు అబ్దుల్లా ఇబ్న్ జుబైర్. పెద్దయ్యాక మక్కాలో ఖలీఫాగా ఉండి, దెబ్బతిన్న కాబాను తిరిగి కట్టించింది ఈయనే.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. తహ్నీక్ సున్నతే (ప్రవక్త ఆచారమే) గాని ఫర్జ్ (తప్పనిసరి) కాదు, చేయకపోతే పాపమేమీ లేదు. పెద్దల నోటి నుంచి పసివాళ్లకు ఇన్ఫెక్షన్లు సోకే ప్రమాదం ఉంది కనుక డాక్టర్ని అడగకుండా చేయొద్దు. కొన్ని ఇళ్లలో ఖర్జూరానికి బదులు తేనె నాకిస్తారు. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

*

ఏడో రోజు అఖీఖా. మగపిల్లాడికి రెండు మేకలో గొర్రెలో, ఆడపిల్లకు ఒకటి జిబహ్ (బలి) చేయడం ఎక్కువమంది పాటించే పద్ధతి. మాలికీ పండితులు మాత్రం ఎవరికైనా ఒకటే చాలంటారు. ఏడో రోజున కుదరకపోతే పద్నాలుగో రోజు, అదీ కాకపోతే ఇరవయ్యొకటో రోజు. ఇస్లాంకు ముందు అరబ్బులు బలి ఇచ్చిన జంతువు రక్తాన్ని బిడ్డ తలకు పూసేవారు. ఇస్లాం వచ్చాక దాన్ని మానిపించి, ఆ చోట కుంకుమపువ్వు రాయడం మొదలుపెట్టారు.

*

ఏడో రోజునే బిడ్డకు గుండు చేయించి, ఆ వెంట్రుకల ఎత్తు వెండిని పేదలకు దానం చేస్తారు. హసన్‌కు ఆయన తల్లి ఫాతిమా (ర) ఇలాగే తూచారు. ఒక దిర్హమ్ బరువో, అంతకన్నా తక్కువో తూగాయట. అంటే మహా అయితే మూడు గ్రాములు! కూలీనాలీ చేసుకునేవాళ్లు కూడా ఇవ్వగలిగినంత దానం అది.

*

దక్కన్ ముస్లింల పుట్టుక వేడుకలన్నీ వివరంగా రాసిపెట్టింది మన ఏలూరు వాసే. ఆయన జాఫర్ షరీఫ్. ఆయన రాసిన ‘ఖానూనె ఇస్లాం’ను మద్రాసు సర్వీసులో ఉన్న సర్జన్ హెర్‌క్లాట్స్ ఇంగ్లీషులోకి తేగా, 1832లో లండన్‌లో అచ్చయింది. ఆరో రోజు ఛట్టీ, నలభయ్యో రోజు చిల్లా, అఖీఖా, బిడ్డను ఉయ్యాల్లో వేయడం అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో అఖీఖా అరేబియా నుంచి వచ్చింది. ఛట్టీ, ఉయ్యాల వేడుకలు ఈ నేల మీద పుట్టి కలిసిపోయినవి.

*

ఇక నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేవి చెబుతాను. ఖురాన్‌లో అల్ బఖరా సూరా 233వ ఆయత్ చూడండి. పూర్తి కాలం పాలివ్వాలనుకునే తల్లులకు రెండేళ్ల గడువు చెబుతుంది. ఆ కాలమంతా తల్లి తిండి, బట్ట చూసుకునే బాధ్యత తండ్రిది. పాలు ముందుగా మాన్పించాలంటే భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని, ఇద్దరూ ఒప్పుకోవాలి. విడాకులైనా సరే, బిడ్డకు పాలిస్తున్న తల్లికి ప్రతిఫలం చెల్లించాల్సిందేనని 65వ సూరా చెబుతుంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మాటలివి.

రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) కాలంలో, పాలు మానిన పిల్లలకు ప్రభుత్వ ఖజానా నుంచి భత్యం దక్కేది. ఒక రాత్రి మదీనాలో దిగిన వర్తకుల బిడారానికి కాపలాగా ఆయనే తిరుగుతున్నారు. ఓ పసివాడి ఏడుపు వినిపించింది. వెళ్లి, బిడ్డను సరిగ్గా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్లీ ఏడుపు. తెల్లవారుజామున మరోసారి ఏడుపు వినేసరికి ఆమెను గట్టిగా మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మాన్పిద్దామని చూస్తున్నాననీ, పాలు మానితే తప్ప ఉమర్ భత్యం ఇవ్వడనీ చెప్పేసింది. ఆ రోజు ఫజ్ర్ నమాజులో ఏడుపు ఆగక, ఆయన ఏం చదువుతున్నారో వెనక నిలబడ్డవాళ్లకు సరిగ్గా వినిపించలేదట. సలాం చెప్పి లేవగానే తనను తాను నిందించుకున్నారు. తొందరపడి పాలు మాన్పించొద్దనీ, ఇకమీదట పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామనీ చాటింపు వేయించారు. రాజ్యమంతటా అధికారులకు అదే ఉత్తర్వు రాశారు.

అఖీఖా దావత్ కోసం అప్పు చేయాల్సిన పని లేదు. స్తోమత ఉంటేనే చేయండి. చేతిలో ఉన్నది తక్కువైతే ముందు బాలింతకు కడుపునిండా మంచి తిండి పెట్టండి. బిడ్డకు టీకాలు వేళకు వేయించండి.