మీకు తెలుసా? మంచు కింద పెరడు

అమెరికాలోని మినెసోటాలో చలికాలమంతా పెరటి మొక్కల వేళ్లను కాపాడేది మంచు దుప్పటే. తాజా మంచులో చిక్కుకున్న గాలి నేలలోని వేడిని పైకి పోనివ్వదు. మంచు పడకుండా ఉత్త చలి ముదిరిన ఏడాదే వేళ్లకు ముప్పు ఎక్కువ.

లేత మేపుల్ చెట్లకు చలికాలపు ఎండ కూడా గండమే. మధ్యాహ్నం నైరుతి వైపు బెరడు వేడెక్కి కణాలు మేలుకుంటాయి. పొద్దు వాలగానే గడ్డకట్టి చస్తాయి, బెరడు పగులుతుంది. అందుకే శీతకాలానికి ముందే కాండానికి తెల్లటి చుట్టు వేసి, వసంతంలో విప్పేస్తారు.

నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. స్ప్రింక్లర్ గొట్టాలు పగలకుండా ముందుగానే కంప్రెసర్ గాలితో నీటిని బయటికి ఊదేస్తారు.

బాట మీద చల్లే మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే మంచును సరిగా కరిగించలేదు. పైగా ఒక్క టీస్పూను ఉప్పు దాదాపు 19 లీటర్ల నీటిని కలుషితం చేస్తుందని మినెసోటా రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ లెక్క.

మంచు కరిగాక పచ్చికలో మెలికల దారులు కనిపిస్తే, అవి వోల్ అనే పొట్టితోక ఎలుకల పని. గడ్డి మళ్లీ మొలుస్తుంది. చెట్టు మొదలు చుట్టూ బెరడు కొరికేస్తే మాత్రం చెట్టు దక్కదు. అందుకే మొదళ్లకు సన్నకన్నుల ఇనుప వల చుడతారు.