లెక్కలు తప్పితే బ్రతుకు తప్పినట్లేనా?

పదవ తరగతి ఫలితాలు వచ్చే దినాలలో ఎన్నో ఇళ్లలో ఒకే మాట వినబడుతుంది: "అన్నీ పాసయ్యాడు, లెక్కల్లోనే పోయాడు." నూటికి 35 రాకపోతే మిగతా మార్కులు ఎన్ని వచ్చినా పది గట్టెక్కినట్లు కాదు. అందరికీ ఈ లెక్కలెందుకని తల్లిదండ్రులు అడగడం సహజమే.

పూర్వం మన హైస్కూళ్లలో కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అని రెండు రకాలుండేవి. 1964-66లో పనిచేసిన కొఠారి కమిషన్ మాత్రం మొదటి పదేళ్ల చదువులో గణితం అందరికీ ఉండాలని సిఫారసు చేసింది. ధనిక, పేద భేదం లేని ఉమ్మడి పాఠశాలలు కావాలని కోరినదీ ఆ కమిషనే.

దీనివలన మేలు లేకపోలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చిన రైతు నెలకు 300, ఏడాదికి 3,600 కట్టాలి. అనగా 36 శాతం! ఈ లెక్క చెప్పగల బిడ్డ ఇంట్లో ఉంటే, నోటు మీద వేలిముద్ర వేయకముందే ఆలోచించుకోవచ్చు. 1966 నుండి దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాదే కేంద్రం. పది పాసైన మన పల్లె యువకులు వ్రాసే రైల్వే గ్రూప్-డి పరీక్షలో 100 ప్రశ్నలకు 25 లెక్కలవే.

అయితే మెట్టు కావలసినది గోడ కాకూడదు. సి.బి.ఎస్.ఇ. వారు 2020 పరీక్షల నుండి పదిలో గణితాన్ని బేసిక్, స్టాండర్డ్ అని రెండు స్థాయిలుగా పెట్టారు. 1989లో ప్రారంభమైన జాతీయ సార్వత్రిక విద్యాలయంలో గణితం తీసుకోకుండానే పది పూర్తి చేయవచ్చు. కాని పాలిటెక్నిక్ వంటి చదువులకు లెక్కలు కావాలి గనుక తొందరపడి వదలవద్దు. ముందుగా సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టించండి.

తల్లిదండ్రులారా, పదిలో తప్పిన బిడ్డ చాలాసార్లు అయిదో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటాడు. తిట్టక, ఎక్కడ ఆగాడో కనుగొనండి. అక్కడి నుండి దినానికి ఒక గంట చాలు. సంఘంలో చదువుకున్న యౌవనస్థులు సాయంకాలం ఆ గంట ఇవ్వలేరా? ఆడపిల్ల లెక్కల్లో తప్పిందని బడి మాన్పించి పెండ్లి మాటలు ఎత్తవద్దు. ఫలితాల రాత్రి పిల్లలను ఒంటరిగా విడువక, దగ్గర కూర్చుండబెట్టుకొని అన్నం పెట్టండి. పరీక్ష మరల వస్తుంది. బిడ్డ మరల రాడు.