అసలు ఇంట్లోనే ఉండాలి

ఇంట్లో బీరువా ఉంటుంది. బీరువాలో అరలు ఉంటాయి. ఒక అరలో చీరెలు, ఒక అరలో కాగితాలు పెట్టుకుంటాం.

కంప్యూటరు కూడా బీరువా లాంటిదే. అందులో దాచిన ఉత్తరాన్ని, ఫోటోను, లెక్కల పట్టీని ఫైలు అంటారు. ఫైళ్లు పెట్టే అరను ఫోల్డరు అంటారు. పెన్‌డ్రైవు బొటనవేలంత ఉంటుంది. కంప్యూటరుకు తగిలిస్తే అది కూడా ఒక అర అవుతుంది.

ఫైలును ఇంకో చోటికి చేర్చడానికి రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది కాపీ. పాసు పుస్తకం జిరాక్స్ తీయిస్తాం. ఆఫీసులో జిరాక్స్ ఇస్తాం. అసలు పుస్తకం మన దగ్గరే ఉంటుంది. కాపీ అంటే అదే. ఫైలు రెండు చోట్లా ఉంటుంది.

రెండవది కట్. గంపలోని వడ్లు బస్తాలో పోస్తే గంప ఖాళీ. కట్ చేసిన ఫైలు కొత్త చోటికి పోతుంది. పాత చోట ఉండదు.

ఈ తేడా తెలియకపోతే నష్టం వస్తుంది. పొదుపు సంఘం లెక్కలు ఇంట్లో కంప్యూటరులో ఉన్నాయనుకుందాం. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత అప్పు ఉంది, అంతా ఒకే ఫైలు. ప్రింటు తీయించాలని లీడరు దాన్ని కట్ చేసి పెన్‌డ్రైవులో పెట్టింది. దారిలో పెన్‌డ్రైవు పడిపోయింది. చేతిలో లేదు, ఇంట్లో లేదు. పది మంది కష్టార్జితానికి లెక్క ఎవరు చెప్పాలి? కాపీ చేసి ఉంటే పోయేది పెన్‌డ్రైవు ఒక్కటే. లెక్కలు ఇంట్లో పదిలంగా ఉండేవి.

విండోస్ కంప్యూటరులో కాపీ ఇలా చేయాలి:

1. ఫైలు మీద బాణం గుర్తు పెట్టి, మౌసు కుడి మీట నొక్కాలి.

2. ఒక పట్టీ కనబడుతుంది. అందులో కాపీ నొక్కాలి. విండోస్ 11లో కాపీకి రెండు కాగితాల బొమ్మ, కట్‌కు కత్తెర బొమ్మ ఉంటాయి. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మ చూసి గుర్తుపట్టవచ్చు.

3. పెన్‌డ్రైవు తెరవాలి. ఖాళీ చోట కుడి మీట నొక్కి, పేస్ట్ నొక్కాలి.

4. పెన్‌డ్రైవులోని ఫైలు తెరిచి చూసుకోవాలి. మూసేశాక, ఎజెక్ట్ నొక్కి పెన్‌డ్రైవు తీయాలి.

అదే పేరుతో ఫైలు అక్కడ ముందే ఉంటే కంప్యూటరు అడుగుతుంది. రీప్లేస్ నొక్కితే పాతది పోయి కొత్తది వస్తుంది. తొందరపడి నొక్కకూడదు. ఫైలు పేరులో నెల, సంవత్సరం చేర్చితే ఈ చిక్కు రాదు.

ప్రింటు షాపులో మన ఫైలును వాళ్ల కంప్యూటరులోకి కాపీ చేస్తే, పని అయ్యాక తీసేయమని అడగాలి. అడగడానికి మొహమాటం అక్కరలేదు. మన లెక్క మనది.

గుర్తుంచుకోండి:
కాపీ చేస్తే రెండు చోట్ల. కట్ చేస్తే ఒక్క చోటే.

ఆలోచించండి:
మీ ఇంట్లో ఏ కాగితం పోతే ఎక్కువ నష్టం? దాని రెండో ప్రతి ఎక్కడ ఉంది?