15 నయాపైసల బిళ్ళ మీద హాఫ్‌కిన్

1964 మార్చిలో మన తపాలా శాఖ 15 నయాపైసల స్మారక బిళ్ళ ఒకటి విడుదల చేసింది. దాని మీదున్నది మన దేశంలో పుట్టినవాడు కాదు. 1860లో ఒడెస్సాలో పుట్టి, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసి, 1893లో కలరా టీకా పట్టుకొని కలకత్తాలో దిగిన వాల్డెమర్ హాఫ్‌కిన్. సూక్ష్మజీవి శాస్త్రానికి తొలిరోజుల్లో దారి వేసినవాళ్ళలో ఒకడు. మనం ఆయనకు ఎందుకు ఋణపడ్డామో చూద్దాం.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది. ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను అక్కడికి పంపింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో కూర్చొని ఆయన ప్లేగు క్రిములను మాంసరసంలో పెంచాడు. రసం మీద నాలుగు నేతిచుక్కలు వేస్తే, క్రిములు వాటిని పట్టుకొని ఊడల్లా కిందికి వేలాడుతూ పెరిగేవి. వాటిని వేడితో చంపితే అదే టీకామందు. చచ్చిన క్రిమి జబ్బు తేలేదు గానీ, శత్రువును గుర్తుపట్టడం ఒంటికి నేర్పుతుంది. 1897 జనవరి 10న ఆ సూది ముందు తనకే వేయించుకున్నాడు. ఆ తర్వాతే బైకుల్లా జైలు ఖైదీల్లో ఇష్టపడి వచ్చినవాళ్ళకు వేశారు. తెలుగునేల నుంచి కూలిపనికి వెళ్ళిన కామాఠీల పేరు మీద వెలిసిన కామాఠీపురా ఆ బైకుల్లా పక్కదే.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్‌లో 107 మందికి టీకా వేశారు. ఒకే సీసాలోని మందు పడిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. బొంబాయి ప్రయోగశాలలోనే మందు చెడిందన్నారు. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు.

కానీ ఒక్క ప్రశ్న మిగిలింది. ధనుర్వాత క్రిమి వారాల తరబడి సీసాలో పెరిగితే దుర్వాసన రావాలి కదా? మూత తీసిన డాక్టరుకు ఏ వాసనా రాలేదు. పైగా మూత తీసే చిమటా ఆ ఊళ్ళో నేల మీద పడిందని, దాన్ని వేడిచేయకుండా మందునీళ్ళలో జాడించి వాడారని తేలింది. రోనాల్డ్ రాస్ వంటివాళ్ళు ఆయన తరఫున పత్రికలకు రాశారు. నింద తొలగి, ఆయన మళ్ళీ పనిలో చేరేసరికి 1907 వచ్చేసింది. బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టింది 1925లో.

అందుకే, "టీకా వికటించింది" అని ఎవరైనా అన్నప్పుడు వెంటనే నమ్మొద్దు, వెంటనే కొట్టిపారేయనూ వద్దు. సీసా ఎక్కడిది, చిమటా ఎక్కడ పడింది అని వరసగా అడుగుదాం. ముల్కోవాల్‌లో ఆ ప్రశ్నలకు జవాబు రావడానికి ఐదేళ్ళు పట్టింది.